ఊఁ కొట్టిన కొండ

మళ్ళీ అదే పొగ లేచింది.

నక్కలకనుమ కోట బురుజు మీద నుంచి మూడు నల్లటి పొగలు, నడుమ ఒక తెంపు, మళ్ళీ మూడు. శత్రువు మీద పడ్డాడు, సాయం పంపండి అని దాని అర్థం. మేఘకూట రాజ్యంలో చనుపాలు తాగే బిడ్డలకు తప్ప అందరికీ తెలిసిన అర్థమే అది. డేగకొండ మీద నిలబడి చూస్తున్న రేచమకు మరీ బాగా తెలుసు. ఆ కోటకు కావలి ఉన్నవాడు ఆమె అన్న బేతన. కోటను చుట్టుముట్టినవాడు కరాళవర్మ, లొంగిపోయినవాణ్ణి కూడా ప్రాణాలతో వదలని కిరాతకుడు. కోటలో బాణాలు అయిపోవస్తున్నాయని నిన్నటి పొగ చెప్పింది.

రేచమ గుండంలో పచ్చాకు వేసి, తడి కంబళి కప్పి, తీసి, అదే మాటను తానూ పొగతో పలికించింది. ఎదురుగా గద్దమెట్ట మీద వెంటనే ఒక చిన్న తెల్లటి పొగ లేచింది. దాన్ని ఊఁ పొగ అంటారు. కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొట్టినట్టు, విన్నాం, ముందుకు పంపుతున్నాం అని పక్క కొండ చెప్పే మాట అది. మొన్నా అలాగే ఊఁ అంది. నిన్నా ఊఁ అంది. సైన్యం మాత్రం రాలేదు.

రేచమకు ఒళ్ళు మండిపోయింది.

ఆ కొండల వరసను మొదటిసారి చూసినవాడెవడైనా అందానికి నోరు తెరుస్తాడు. ఎర్రచందనం తోపుల మీద పొద్దుటెండ పడితే వాలులన్నీ కుంకుమ అద్దుకున్నట్టు మెరుస్తాయి. లోయల్లో పడుకున్న మబ్బులు ఎండ ముదిరాక బద్ధకంగా లేచి పోతాయి. జలపాతాల తుంపరలో తడుస్తూ నెమళ్ళు కేకలు వేస్తాయి. అంత సొగసు మధ్య ప్రతి శిఖరం మీదా ఒక రాతి అరుగు, అరుగు మీద పొగగుండం, పక్కనే ఒక పొగకాపు కుటుంబం. సరిహద్దులో దగ్గితే రాజధాని విశాలపురిలో వినిపించాలని పాతకాలపు రాజులు పేర్చిన వరస అది. ఒకప్పుడు ఒక మాంత్రికుడు మంత్రి రూపం దాల్చి, నోటిమాటతో రాజ్య సైన్యాన్ని ఊబిలోకి నడిపించి ముంచేశాడు. అప్పటి నుంచి నోటిమాటకు దండు కదలకూడదని శాసనం. కొండ చెబితేనే దండు కదలాలి. ఎవరు పరుగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడి ఏడ్చినా కదలకూడదు.

ఇంత తెలివిగా ఏర్పాటు చేసుకున్న జనం ఇంకో మర్యాద కూడా పెట్టుకున్నారు. అది తలచుకుంటే ఈ కథ చెప్పే నాకే కోపం ఆగదు. ఊఁ పొగ కనబడగానే కాపు తల దించి వెనుదిరగాలి. పక్క కొండను దాటి ఆవలి కొండ వైపు చూడకూడదు. కొండల కాపులంతా ఒకరికొకరు వియ్యాలవారు. ఊఁ అన్న తర్వాత కూడా ఆవలికి చూడటమంటే, వియ్యంకుడి మాట నమ్మక వాళ్ళ వంటింట్లోకి తొంగిచూసినంత తప్పు. తరతరాలుగా ఎవరూ చూడలేదు. చూడకపోవడమే గొప్ప అనుకున్నారు.

ఆ పొద్దున రేచమ చూసింది.

గద్దమెట్ట ఆవల బోడికొండ. దాని బండల మీద ఎర్రవీ పచ్చవీ చీరలు తీరిగ్గా ఆరేసి ఉన్నాయి. కొండ కింద మైదానంలో రౌతుల దండు విడిది, గుర్రాలు మేస్తున్నాయి. గద్దమెట్ట నుంచి అటువైపు ఒక్క పొగ కూడా పోలేదు.

"అయ్యా, ఇటు రా. బోడికొండోళ్ళు చీరలారేసుకుంటా ఉండారు. వాళ్ళకు కబురే పోలేదు."

తండ్రి గొంకయ్య గుడిసెలోంచి వచ్చాడు. కూతురు ఎటు చూస్తోందో గమనించగానే ముఖం మాడ్చుకున్నాడు.

"యాడికే ఆ చూపు?"

"మామ మనకు ఊఁ అన్నాడు, ముందుకు పంపలేదు. నువ్వే చూడు."

"నేను చూడను. బొల్లన మీ అమ్మ తోడబుట్టినోడు. వాడు ఊఁ అన్నాడంటే పంపినట్టే."

"మరి సైన్యమేది?"

"వస్తాది. రాజుగారికి ఎన్ని పనులుంటాయో."

"అమ్మ మహమ్మారితో పోయినప్పుడూ ఇదే మాట చెప్పినావు. వైద్యులొస్తారు, రాజుగారికి ఎన్ని పనులో అని. ఆ కోటలో ఉండేది నీ కొడుకు కాదా అయ్యా?"

గొంకయ్య చెయ్యెత్తాడు, కొట్టలేక దించాడు. "ఇంకోసారి అటు చూస్తే నువ్వు కాపు కూతురివి కాదు."

"కాకపోతే పీడా పోయింది," అంది రేచమ. తడి కంబళి భుజాన వేసుకుని, వెనక్కి తిరగకుండా కొండ దిగింది.

డేగకొండకూ గద్దమెట్టకూ నడుమ పాతాళగండి. బండిబాటన చుట్టి వెళ్ళవచ్చు గానీ ఆలస్యం. అడ్డంగా తీగల వంతెన ఉంది. రేచమ వంతెన మీద పరుగు తీసింది. కింద ఏరు నురగలు కక్కుతోంది. సగం దూరం దాటిందో లేదో, నెత్తిన రెక్కల హోరు. ఇనుప ముక్కుల రాబందులు గుంపుగా దిగాయి. అవి ఆమె జోలికి రాలేదు. నేరుగా వంతెన తీగల మీద వాలి, ఒక్కొక్క పోగే పుటుక్కు పుటుక్కున తెంపసాగాయి.

రేచమ కంబళిని తీగకు మెలిపెట్టి చుట్టి, రెండు కొసలూ గుప్పిట పట్టింది. వంతెన తెగింది. తెగిన తీగతో పాటు ఊగుతూ పోయి అవతలి రాతి గోడకు దబ్బున కొట్టుకుంది. భుజం చిట్లింది. చేతికందింది మర్రి ఊడ కాదు, ముళ్ళ వేరు. అదే పట్టుకుని పాకింది. ఒక రాబందు కళ్ళ మీదికి రాగానే దాని మీదికి కంబళి విసిరింది. పక్షీ కంబళీ కలిసి గండిలో పడ్డాయి. కంబళి పోయినందుకు ఏడుపొచ్చింది, అది తల్లి నేసినది. ఏడవడానికి వేళ లేదు. డేగకొండ వైపు నుంచి గద్దమెట్టకు మనుషులు రాకుండా ఎవడో కాపలా పెట్టాడని ఆమెకు తేటతెల్లమైంది.

కింది గూడెం ఆడవాళ్ళు గద్దమెట్టకు రోజూ పచ్చాకు మోస్తారు. రేచమ ముఖానికి బొగ్గు పూసుకుంది. కొప్పు విప్పి ముడి మార్చుకుంది. చీర మోకాలిపైకి బిగించి, ఒక పచ్చాకు మోపు కట్టి నెత్తిన పెట్టుకుంది. నడుము వంచి, కుంటుకుంటూ మెట్లెక్కింది.

గద్దమెట్ట నెత్తి నున్నటి నల్లరాయి. ఎండకు అది నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. నడుమ గుండం, దాని పక్కన ఆకు తడిపే పెద్ద రాతి తొట్టి. గుండంలోంచి దారమంత సన్నగా ఒక పొగ నిలువుగా లేచి పోతోంది. అది ఊపిరిపొగ. ప్రతి కొండ మీదా పగలంతా అది ఆరకుండా ఉండాలి. ఇక్కడ మనిషి ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాడు అని చెప్పే గుర్తు.

మంచం మీద బొల్లన మామ కూర్చుని ఉన్నాడు. అవే బుగ్గమీసాలు, అదే బొర్ర. ఒక మోకు కొసన, కొయ్యకు కట్టేసి ఒక ముసలి పొట్టేలు ఉంది. మంచం కింద మూత లేని నల్ల కుండ. మామ నోట్లో ఏదో నములుతూ డేగకొండను చూశాడు, దాన్ని దాటి కనుమను చూశాడు, తల తిప్పి బోడికొండను చూశాడు, దాన్నీ దాటి విశాలపురి వైపు చూసి తృప్తిగా నవ్వుకున్నాడు.

పుట్టి బుద్ధెరిగిన కాపు ఎవడూ అలా చూడడు.

"ఆకు అక్కడ పడవేసి వెళ్ళు," అన్నాడు మంచం మీదివాడు. ఆ గొంతులో కొండ యాస లేదు.

"కాలు నొప్పి దొరా, కాస్త కూసుని పోతా," అంది రేచమ. పొట్టేలు దగ్గర చతికిలబడింది.

పొట్టేలు ఆమెను చూసింది. ముందరి కాలి గిట్టతో బండ మీద కొట్టసాగింది. ఒంటి దెబ్బ, జంట దెబ్బలు, ఒంటి దెబ్బ. మంచు కమ్మిన రోజుల్లో పొగ కనబడక కాపులు డప్పుతో మాట్లాడుకుంటారు. అది ఆ డప్పు భాష. రేచమ తల వంచుకుని కాలు పిసుక్కుంటూ విన్నది.

నేను బొల్లన. వాడు ధూమకర్ణుడు. కుండ పొగను మింగుతుంది.

ధూమకర్ణుడి పేరు చెప్పి మేఘకూటంలో అన్నం తినని పిల్లల్ని బెదిరిస్తారు. ఆ మాంత్రికుడు కరాళవర్మ ఉప్పు తింటున్నాడన్నమాట. రేచమకు భయం వేయలేదు. మేనమామను కట్టుకొయ్యకు కట్టేసిన ఆ మోకును చూస్తే కోపం తలకెక్కింది.

అంతలో డేగకొండ నుంచి మళ్ళీ మూడు పొగలు లేచాయి. గొంకయ్య పంపుతున్నాడు. మాయ బొల్లన లేచి, గుండంలో చారెడు ఎండు గడ్డి వేసి, చిన్న తెల్లటి ఊఁ పొగ ఒకటి వదిలాడు. మళ్ళీ మంచం ఎక్కి ఆవులించాడు. అటు కొండ మీద తన తండ్రి తల దించి వెనుదిరిగి ఉంటాడని రేచమకు తెలుసు. ఇక ఆగలేకపోయింది. మోపు ఎత్తి గుండంలో పడేసి, వాడి మంచం మీది దుప్పటే గుంజి కప్పి, తీసి, బోడికొండ వైపు మూడు నల్లటి పొగలు లేపింది.

పొగలు మనిషి ఎత్తు కూడా లేవలేదు. గిర్రున తిరిగి, వంగి, మంచం కిందికి దూరి కుండలో పడ్డాయి. కుండ గుటక వేసింది.

మాయ బొల్లన తీరిగ్గా లేచాడు. బుగ్గమీసాలు రాలిపోయాయి. బొర్ర కరిగిపోయింది. తాడిచెట్టంత పొడుగు మనిషి, బూడిద రంగు ఒళ్ళు, చేటలంత చెవులు, చెవుల్లోంచి పొగ.

"గొంకయ్య కూతురివా? ఆవలికి చూసిన మొదటి కాపువి నీవే. నిన్ను మెచ్చుకోవలసిందే," అన్నాడు ధూమకర్ణుడు. "రా, ఈ కుండలో ఏమున్నదో విను."

వాడు కుండను ఆమె చెవి దగ్గర పెట్టాడు. లోపల గొంతులు. వరదలో ఊళ్ళు మునిగాయి, పడవలు పంపండి. పంట ఎండింది, గింజలు పంపండి. మహమ్మారి వచ్చింది, వైద్యులను పంపండి. ఆ చివరిది డేగకొండ పొగ. తన తల్లి మంచాన పడిన ఏడాది తండ్రి పంపిన పొగ. రేచమ దాన్ని గుర్తుపట్టింది.

"ఏళ్ళ తరబడి మింగుతున్నాను," అన్నాడు మాంత్రికుడు. "కోటలు పగలగొట్టడం మొద్దుల పని. అడిగినవాడికి ఊఁ అని, వినవలసినవాడికి చెప్పకుండా ఊరుకుంటే చాలు. సరిహద్దువాడు రాజుకు జాలి లేదంటాడు. రాజు సరిహద్దువాడికి విశ్వాసం లేదంటాడు. మిగతా పని వాళ్ళే చూసుకుంటారు. ఈ కొండ మీద నేను వదిలే పొగ తప్ప మరే పొగా బయటకు పోదు. నీ అన్న ఈ సాయంత్రం దాటడు."

వాడు చెవిలోంచి ఒక పొగను తాడులా లాగి ఆమె నడుముకు చుట్టాడు. రేచమ గింజుకుంటూ గుండం వైపు చూసింది. ఊపిరిపొగ దారంలా లేస్తూనే ఉంది. వాడు మాట్లాడుతూనే ఒక చేత్తో దానికి పుల్లలు ఎగదోస్తున్నాడు. అంత జాగ్రత్తగా ఎందుకు చూసుకుంటున్నాడో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. కుండ పొగను మింగగలదు. లేని పొగను ఎలా మింగుతుంది?

ఊపిరిపొగ ఆగిందంటే కొండ చచ్చిందని అర్థం. రాజధాని వైపు కొండ నల్ల పొగ లేపాలి, రౌతుల దండు ఎక్కి రావాలి. కనుమ వైపు కాపు గొడ్డలి తీసుకుని పరుగెత్తాలి. నిప్పు ఆర్పిన మనిషికి రెండు చేతులూ నరకాలి. కొండలు పుట్టాక ఏ కాపూ ఆ నిప్పు ఆర్పలేదు. పసిపిల్లగా ఉన్నప్పుడు గుండం దగ్గర నీళ్ళు ఒలకబోసినందుకే తల్లి ఆమెకు వాత పెట్టింది.

"మామా, తొట్టి," అని అరిచింది రేచమ.

పొట్టేలు వెనక్కి జరిగి, ఒక్క ఉరుకు ఉరికింది. మోకు తెగింది. మాంత్రికుణ్ణి మోకాళ్ళ వెనక కుమ్మింది. వాడు బోర్లా పడగానే పొగ తాడు సడలింది. రేచమ తొట్టికి వీపు ఆనించి, కాళ్ళు బండకు తన్నిపెట్టి నెట్టింది. ఒళ్ళు మొరాయించింది. కాపు రక్తం వద్దు వద్దంది. కోటలో ఉన్న అన్నను తలచుకుని మళ్ళీ నెట్టింది. తొట్టి ఒరిగింది. నీళ్ళన్నీ గుండంలోకి పోయి బుస్సుమన్నాయి. దారం తెగిపోయింది.

కొండ మీద గాలి తప్ప ఏమీ లేదు.

ధూమకర్ణుడు కుండ పట్టుకుని నాలుగు దిక్కులా తిప్పాడు. మింగడానికి ఏమీ దొరకలేదు. అటు బోడికొండ మీద కాపు ముసలమ్మ ఊదిన కొమ్ము వినిపించింది. ఆరేసిన చీరలు తొక్కుకుంటూ మనుషులు పరుగెత్తారు. తాటి మాను లావున నల్ల పొగ లేచింది. దాని వెనక కొండ మీద ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి, విశాలపురి దాకా కొండలన్నీ ఏళ్ళ తర్వాత నోరు తెరిచాయి.

మాంత్రికుడి ముఖం మాడింది, మరుక్షణం విప్పారింది. "వచ్చేవాళ్ళు ఈ చచ్చిన కొండకు వస్తారు, కనుమకు కాదు. నీ చేతులు నరికి వెళ్ళిపోతారు. నోటిమాట వాళ్ళు వినరు. ఈలోగా నేను పోయి కోట పని ముగించమని చెబుతాను." కుండ చంకన పెట్టుకుని, గద్ద రూపం ఎత్తి, కనుమ వైపు ఎగిరిపోయాడు.

రౌతులు రానే వచ్చారు. కొండ కింద బాటంతా గుర్రాలతో నిండిపోయింది. దండును నడిపే దళవాయి రణకేసరి కొందరు భటులతో గుర్రం మీదే గుండం దాకా ఎక్కాడు. ఎర్ర తలపాగా, వెండి పిడి కత్తి, కందగడ్డలాంటి ముఖం.

"నిప్పు ఆర్పింది ఎవరు?"

"నేనే," అంది రేచమ. "నేనే ఆర్పినా. నక్కలకనుమను కరాళవర్మ చుట్టుముట్టినాడు. మా పొగలన్నీ మాంత్రికుడు మింగేసినాడు. ఈ పొట్టేలు మా మామ. నా చేతులు ఎప్పుడైనా నరుక్కోండి గానీ, ముందు కనుమకు పోండి."

పొట్టేలు గిట్టతో బండ పగిలేలా కొడుతోంది. మైదానపు రౌతులకు డప్పు భాష ఏం తెలుస్తుంది? ఒక భటుడు దాన్ని కాలితో తన్నాడు.

"నోటిమాటకు దండు కదలదు," అన్నాడు దళవాయి. "కనుమ నుంచి మాకు ఏ సంజ్ఞా అందలేదు. అందినది ఒకటే, చచ్చిన కొండ. ఆర్పిన చేతులు దొరికేదాకా దండు జీను దించకూడదు, వెనుతిరగకూడదు. శాసనం అది. దొరికాయి గనుక మా పని అయిపోయినట్టే."

"అన్న చచ్చిపోతా ఉండాడు, నువ్వు నాకు శాసనం చెబుతా ఉండావు."

"చేతులు చాపు."

రేచమ పళ్ళు నూరింది. అతని మాటల్లో ఒక్కటి ఆమె చెవిలో మోగుతూనే ఉంది. "చేతులు దొరకకపోతే?"

"దొరికేదాకా తరుముతాం. ఎంత దూరమైనా, మొత్తం దండు."

"మొత్తం దండా?"

"మొత్తం," అన్నాడు దళవాయి చిరాకుగా. కత్తి దూసి గుర్రం దిగాడు.

రేచమ రెండు చేతులూ చాపింది. అతను ఒక మణికట్టు పట్టుకోబోయాడు. పొట్టేలు అతని నడుము మీద కుమ్మింది. ఆ చాపిన చేతులతోనే రేచమ జీను అందుకుని, దళవాయి గుర్రం ఎక్కి, మడమలతో పొడిచింది. గుర్రం మెట్ల మీదుగా రాళ్ళు దొర్లిస్తూ దూకింది.

"పట్టండి దాన్ని," అని రణకేసరి గొంతు చించుకున్నాడు. కొండ అదిరిపోయేలా గుర్రాలన్నీ మళ్ళాయి.

గండి చుట్టూ తిరిగే బండిబాట పట్టింది రేచమ. బాణాలు చెవుల పక్కగా పోతున్నాయి. ఒకటి జీనులో దిగబడింది. డేగకొండ వాలు దగ్గర, బాట ఇరుకైన చోట, గొడ్డలి పట్టుకుని ఒక మనిషి అడ్డంగా నిలబడి ఉన్నాడు. గొంకయ్య. చచ్చిన కొండ కోసం పరుగెత్తుకొస్తున్నాడు.

"అయ్యా, ఆర్పింది నేనే. పక్కకు జరుగు," అని అరిచింది రేచమ. గుర్రాన్ని ఆపలేదు.

గొంకయ్య గొడ్డలి ఎత్తాడు. కూతురి ముఖం చూశాడు. ఆమె వెనక దుమ్ము చూశాడు, దుమ్ములో రాజు జెండా చూశాడు, ఆ జెండా ఎటు పోతోందో చూశాడు. గొడ్డలి పారేసి బాట దిగాడు. గుర్రం దాటిపోయింది. వెనక వచ్చిన రౌతులకు రెండు చేతులూ చాపి కనుమ వైపు చూపించాడు.

"అటే పోయింది దొంగముండ. అటే. తరమండి," అని కేకలు పెట్టాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా.

మలుపు తిరగగానే నక్కలకనుమ కనబడింది. లోయ నిండా కరాళవర్మ గుడారాలు, కోట తలుపును బద్దలుకొట్టడానికి పొట్టేలు తలలు చెక్కిన దూలాలు, బురుజు మీద సన్నబడిపోతున్న మూడు పొగలు. గద్ద ఒకటి నడిమి పెద్ద గుడారం మీద వాలి ఉంది. శత్రువులు అప్పుడే తలలు తిప్పి ఇటు చూస్తున్నారు.

రేచమ వెనక్కి చూసింది. బండిబాట ఎత్తు ఎక్కడంలో రౌతులు కాస్త వెనకబడ్డారు. మరో బాణం ఆమె భుజాన్ని గీసుకుంటూ పోయింది. ఆమె కళ్ళెం బిగించి, గుర్రాన్ని గుడారాల దిక్కుకే ఉంచి నెమ్మది చేసింది. రెండు చేతులూ వాళ్ళకు బాగా కనబడేలా పైకెత్తి పట్టుకుంది.